పాల డబ్బా

ఇక్కడ మాకు ఆదివారం శుక్రవారం నాడే వస్తుంది.
ఒంటిగంట నుంచి మూడింటి దాకా హాలు మాది.
మా ముందు కొరియా వాళ్ళు,
మా తర్వాత తెల్ల ముసుగుల హబషీ ఆడపిల్లలు.
మధ్యలో కుర్చీలు సర్దేంత సేపు
అందరి దేవుడూ చెప్పులు విడిచిన చోట
ఒక్కడే నిలబడి ఉంటాడనిపిస్తుంది.

డబ్బా నా దగ్గరుండేది.
రెండున్నర కిలోల పాలపొడి డబ్బా.
మూతకి చాకుతో గాటు పెట్టింది నేనే.
మనిషికి నెలకో దీనారు.
రాజోలు వాళ్ళు, రాజంపేట వాళ్ళు,
రాయచోటి హసీనా కూడా,
"చావుకి మతమేంది సువార్తక్కా" అని వేసేది.
మట్టి చీటీ అనుకునేవాళ్ళం.
ఎవరు పోయినా పెట్టెలో ఇంటికి పంపే డబ్బు.
విమానం వాడు మనిషిని కిలోల లెక్కన తూస్తాడు.
బతికుండగా చిక్కిపోయిన వాళ్ళం,
అక్కడ కొంచెం కలిసొస్తాం.

ఆ ఏడు జబ్బొచ్చింది.
జలీబ్ చుట్టూ కంచె వేశారు.
నేను అంట్లు తోమే నాలుగిళ్ళూ
నాలుగు దేశాలంత దూరమయ్యాయి.
గదిలో ఎనిమిది మందిమి, ఒక కిటికీ,
వంతులవారీగా గాలి.

షారోను కాలేజీ మూశారు గాని ఫీజు మూయలేదు.
ఫోనులో మా ఆయన దగ్గాడు.
జబ్బు దగ్గు కాదది,
డబ్బడిగే ముందు వచ్చే దగ్గు.
ఇరవై ఏళ్ళుగా ఎరుగుదును.

మా నాన్న పేట గుడిలో గంట కొట్టేవాడు.
కానుక సంచీని రెండు వేళ్ళతో పట్టేవాడు,
మిగతా మూడు వేళ్ళు గాలిలో, అందరికీ కనపడేలా.
నేను ట్యూబులైటు ఆర్పి డబ్బా మూత తీశాను,
చీకట్లో దేవుడికి కనపడదన్నట్టు.
నలభై.
తిరిగి పెట్టేద్దామనే తీశాను.
అందరూ అలాగే తీస్తారు.

పదకొండో రోజున నాగరత్నం పోయింది.
నా పై మంచం ఆవిడది.
ఊళ్ళో వాళ్ళ అరుగు ఎన్నిసార్లు కడిగానో,
ఒక్కసారీ కూర్చోలేదు.
ఇంటికి ఫోను చేస్తే గదిలో వాళ్ళ పేర్లన్నీ చెప్పేది,
నా పేరు దగ్గర నీళ్ళు తాగేది.
జ్వరంలో మాత్రం చెయ్యి కిందికి వేలాడేసింది.
పట్టుకున్నాను.
తెల్లారేదాకా ఆ చెయ్యి ఏ కులమో నాకు గుర్తు రాలేదు.
తెల్లారాక గుర్తొచ్చింది.
అబద్ధమెందుకు.

"ఆవిడ మన సంఘం మనిషి కాదుగా"
అన్నారు ఫోనులో పెద్దలు.
"దీనారు వేసిందిగా" అంది హసీనా.
డబ్బా బోర్లించారు. లెక్కపెట్టారు.
మళ్ళీ లెక్కపెట్టారు.
అప్పుడు చెప్పాను.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.
"ముందే అడిగితే అప్పనేవాళ్ళం గదక్కా" అంది హసీనా,
డబ్బాని తన పెట్టె కిందికి జరుపుతూ.
తక్కువైంది తలా కాస్త వేశారు.
దేవకరుణ ఈరోజుకీ నాతో మాట్లాడదు.
ఆమె వేసింది అందరికన్నా ఎక్కువ.

పంతొమ్మిది రోజులకి పెట్టె వెళ్ళింది,
తోడు ఎవరూ లేకుండా.
వాళ్ళబ్బాయి ఫోను చేశాడు,
మీ పేరేంటండీ అన్నాడు.
చెప్పాను, ఇంటిపేరుతో సహా.
అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.
"గదిలో ఒకావిడ పులస లేకుండానే
పులస పులుసు పెడుతుందని చెప్పేది అమ్మ.
మీరేనా?"

నేనే బాబూ.

ఇప్పుడు ప్రార్థనలో ఏమీ అడగను.
లెక్క చెప్పుకుంటాను, అంతే.
నలభై తీరి చాలా నెలలైంది.
అయినా నా దీనారు నోటుగా వెయ్యను.
పది నాణేలు, వంద ఫిల్సువి,
ఒక్కొక్కటిగా.
చప్పుడు కావాలి నాకు.